పదహారడుగుల కుట్టుపని

తిరుపతిలో పడవ అంటే తెప్పే. దీపాలు పెట్టుకుని, స్వామిని కూర్చోబెట్టుకుని, పుష్కరిణిలో చుట్లు తిరిగి ఒడ్డుకొచ్చేస్తుంది. మా ఆయన పుట్టిందీ పెరిగిందీ కొర్లగుంటలోనే. 47 ఏళ్ళొచ్చేదాకా ఆయన పడవెక్కింది లేదు. అలాంటి మనిషీ నేనూ కలిసి మా మిద్దె మీద రేకుల షెడ్డులో 13 నెలలు పనిచేసి ఒక తెరచాప పడవ కట్టాం. పొడవు 16 అడుగులు. అడుగు భాగం వెడల్పు నా భుజాల వెడల్పుకన్నా తక్కువ. దానికి ఒక పక్కన, ఆరున్నర అడుగుల దూరంలో, పిల్ల పడవలాంటి దుంగ ఒకటి. రెండింటినీ కలుపుతూ రెండు అడ్డకర్రలు. ఇప్పుడది పులికాట్‌లో ఉంది.

ఎందుకు కట్టామో ముందు చెప్తాను.

నా పుట్టిల్లు తడ మండలంలో, పులికాట్ ఒడ్డున. నా పెళ్ళినాటికి అది నెల్లూరు జిల్లా, తిరుపతి చిత్తూరు జిల్లా. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు మారాక రెండూ తిరుపతి జిల్లాలోకే వచ్చాయి. "ఇంక నువ్వు మా జిల్లా పిల్లవే" అన్నది మా అత్త. అంతవరకూ బాగానే ఉంది గానీ, జిల్లా దగ్గరైనంత మాత్రాన నాయన దగ్గర కాడు కదా. శ్రీకాళహస్తి మీదుగా రెండు బస్సులు మారి పోవాలి. పోయిన ప్రతిసారీ ఆయన ఒడ్డున వల ముందేసుకుని కూర్చునే కనబడేవాడు. కన్ను పోయిన చోట కన్ను వేస్తూ, తెగిన చోట ముడి వేస్తూ. ఆ వలతో నీళ్ళలోకి పోయి ఎన్నాళ్ళయిందో అడగాలంటే నోరు వచ్చేది కాదు.

నాయనకు 68 ఏళ్ళు. చేతుల్లో సత్తువ ఉంది. ఆయన పడవ పలకలతో చేసిన పాత నాటు పడవ. నీళ్ళమీద ఉన్నంతసేపూ బంగారం. నీళ్ళదాకా తీసుకుపోవడమే కష్టం. పులికాట్ చాలాచోట్ల మోకాటి లోతే, రాజహంసలు నడుచుకుంటూ తిరిగేంత. రాయదొరువు దగ్గర ముఖద్వారం ఇసుకతో పూడుతూ వచ్చింది. ఎండాకాలం వచ్చిందంటే నీళ్ళు ఒడ్డును వదిలిపెట్టి లోపలికి పోతాయి. అప్పుడు పడవను బురదమీద ఈడ్చుకుంటూ పోవాలి. ముగ్గురు పట్టాలి. మా తమ్ముడు శ్రీసిటీలో షిఫ్టులకు పోతాడు. నాయన ఈడు వాళ్ళు ఒక్కొక్కరే మానుకున్నారు. "పడవ బరువు కాదమ్మా, మనిషి కరువు" అన్నాడు ఒకసారి. ఆ మాట మనసులో పడిపోయింది. మనుషుల్ని నేను తేలేను. బరువు తగ్గించగలనేమో అనుకున్నాను.

మావాడు పాలిటెక్నిక్ చదువుతున్నాడు. పసిఫిక్ దీవుల పడవలు చూపించింది వాడే. చెప్పుకుంటే చిన్న లెక్క. పడవ సన్నగా ఉంటే తేలిగ్గా ఉంటుంది, చురుగ్గా పోతుంది, కానీ పక్కకు ఒరిగిపోతుంది. ఒరగకుండా వెడల్పు చేస్తే బరువెక్కుతుంది. ఆ దీవులవాళ్ళు పడవను సన్నగానే ఉంచి, పక్కన దూరంగా ఒక తేలే దుంగను కట్టారు. గాలి దుంగ వైపు నుంచి వీస్తే దుంగ బరువు పడవను లాగి పట్టుకుంటుంది. గాలి అటు పక్కనుంచి వస్తే దుంగ మునగనని మొండికేసి పడవను కిందనుంచి ఎత్తి పట్టుకుంటుంది. శ్రీలంకలో దీన్ని ఒరువ అంటారు. మన కోస్తాలో తెప్ప ఉంది, కొల్లేట్లో తాటి దోనె ఉంది, ఈ పక్కదుంగ మాత్రం మేమెక్కడా చూళ్ళేదు. హవాయిలో దాని పేరు 'అమ' అని మావాడు చదివి వినిపిస్తే మా అమ్మ ఫోనులోనే "అమ్మా? పడిపోకుండా పట్టుకుంటుందని పెట్టుంటారులే" అన్నది. మేం మాత్రం పక్కదుంగ అనే పిలిచాం.

ఒరువలోనూ మైక్రోనీసియా పడవల్లోనూ దుంగ ఎప్పుడూ గాలి వైపే ఉండాలి. దారి మార్చాలంటే పడవ తిరగదు. తెరచాపను ఈ కొస నుంచి ఆ కొసకు మోసుకుపోతారు, ముందు వెనకవుతుంది, వెనక ముందవుతుంది. చూడడానికి ఎంత ముచ్చటగా ఉన్నా, 68 ఏళ్ళ మనిషి ఒంటరిగా చాప భుజాన వేసుకుని సన్నటి పడవలో నడవడం నాకు ఇష్టం లేకపోయింది. అందుకని మామూలుగా ముక్కు తిప్పుకునే రకమే ఎంచుకున్నాం. దుంగ ఎడమ పక్క. గాలి ఎటునుంచి వచ్చినా అది అక్కడే ఉంటుంది.

మావాడు కొన్న నమూనా కాగితాల్లో బొమ్మల కన్నా అంకెలే ఎక్కువ. ప్రతి అడుగుకూ ఒక కొలత. పైఅంచు ఇంత, కిందిఅంచు ఇంత. మా ఆయన మంచాలూ బీరువాలూ చేసే వడ్రంగి. ఆయనకు ఈ వంకర లెక్కలు చూసి చిరాకొచ్చింది. "మూలమట్టానికి ఒక్కటీ నిలబడదే ఇది" అన్నాడు. నాకేమో చూడగానే అర్థమైపోయింది. అది బ్లౌజు కటింగ్.

నేను 22 ఏళ్ళుగా బ్లౌజులు కుడుతున్నా. గుడ్డ బల్లపరుపుగా ఉంటుంది, ఒళ్ళు గుండ్రంగా ఉంటుంది. బల్లపరుపు దాన్ని గుండ్రం చేయడమే మా పని. ప్రిన్సెస్ కట్‌లో డాట్లు, అంటే మడిచి కుట్టే మడతలు, ఉండవు. రెండు ముక్కల అంచుల్ని వంపుగా కత్తిరించి, ఆ వంపుల్ని ఒకదానికొకటి కలిపి కుడితే గుడ్డ తనంతట తానే బయటికి ఉబుకుతుంది. వంపు అంచులో ఉంటుంది, ఉబ్బు మధ్యలో వస్తుంది. ప్లైవుడ్ కూడా అంతే. కాకపోతే గుడ్డను క్రాసులో, అంటే ఐమూలగా, లాగితే సాగుతుంది, చెక్క సాగదు. చాపను చుట్టినట్టు ఒకవైపు వంగుతుంది గానీ, గిన్నెలాగా రెండువైపులా గుంట పడదు. పడవ పక్కల ఉబ్బు మొత్తం అంచులు కత్తిరించడంలోనే ఉంది. పావంగుళం తప్పితే అటో ఇటో ముడత పడుతుంది. బ్లౌజుకైతే ఇస్త్రీ పెట్టి కప్పిపుచ్చొచ్చు, దీనికి కుదరదు.

ముందు పెళ్ళిపత్రికల అట్టతో పదో వంతు సైజులో చేసి చూశాను. ఆ సీజనులో ఇంటినిండా పెళ్ళిపత్రికలే కదా. రెండు పక్కలు, ఒక అడుగు ముక్క. సూది దారంతో కుట్టి, మధ్యలో అగ్గిపుల్ల అడ్డం పెడితే అరచేతిలో పడవ నిలబడింది. దాన్ని చూశాక మా ఆయన మరుసటి రోజు చిత్రిక పదును పెట్టుకున్నాడు.

ప్లైవుడ్ గురించి ఒకటి చెప్పాలి, ఎవరికైనా పనికొస్తుంది. పడవకు వాడేది ఐఎస్ 710 రకం, మెరైన్ ప్లై. ఆ రకానికి ప్రమాణం ఏమంటే 72 గంటలు నీళ్ళలో ఉడికినా పొరలు విడిపోకూడదు. రెండు అంగళ్ళలో రెండు చిన్న ముక్కలు అడిగి తెచ్చాం. రెండింటి మీదా అదే ముద్ర. మా అత్త పాత అల్యూమినియం డబరాలో నీళ్ళు పోసి కట్టెల పొయ్యి మీద పెట్టాను. నాలుగు గంటలకు ఒక ముక్క తడిసిన పుస్తకంలాగా విచ్చుకుంది. పొరల మధ్య జిగురు నీళ్ళలోకి దిగి డబరా అంతా ఎర్రమట్టి రంగు. రెండోదాన్ని మూడు రోజులు, పగలంతా ఉడికించి రాత్రిపూట ఆరబెట్టాం. కత్తి మొన పెట్టి పొర లేపబోతే చెక్క చీలిందే గానీ అతుకు వదల్లేదు. ముద్ర చూసి కొనకండి, ఉడికించి కొనండి. మొదటి అంగడి వాళ్ళకు విచ్చుకున్న ముక్కను తీసుకుపోయి చూపిస్తే "నీళ్ళలో ఉడకబెట్టమని ఎవరు చెప్పినారు?" అన్నారు. నాకు ఇప్పటికీ కోపమే. ఆ ప్లైతో ఎవరో ఒకరు వంటగది గట్టు కింద అరలు కొట్టించుకుని ఉంటారు.

మందం దగ్గర మాకిద్దరికీ గొడవ. మా ఆయన 9 మిల్లీమీటర్లంటాడు, నేను ఆరంటాను. ఆయనది బీరువా లెక్క: గట్టిగా ఉండాలి. ఒక్కో షీటుకు ఆరు కిలోల తేడా. ఆరు కిలోలంటే నాయన మోకాళ్ళ మీద పడే ఆరు కిలోలు. చివరికి పడవకు 6, దుంగకు 4 అని ఒప్పించాను. వంచిన ప్లైవుడ్ బల్లపరుపుగా ఉన్నదానికన్నా బిగువుగా ఉంటుంది, పైన గాజు గుడ్డ, అదే ఫైబర్‌గ్లాస్, అంటిస్తే ఇంకా గట్టిపడుతుంది. ఒప్పించడానికి ఒక ముక్కను వంచి దానిమీద నేనే ఎక్కి నిలబడాల్సి వచ్చింది.

షీటు ఎనిమిదడుగులే వస్తుంది. 16 అడుగుల పక్క కావాలంటే రెండు అతకాలి. ఈ అతుకు మా ఆయన చేసిన పనుల్లోకెల్లా అందమైనది. రెండు షీట్ల అంచుల్నీ ఏటవాలుగా చెక్కి ఒకదానిమీద ఒకటి కూర్చోబెట్టి అతికించాలి. మందానికి ఎనిమిది రెట్లు ఏటవాలు, అంటే ఆరు మిల్లీమీటర్లకు 48. రెండు షీట్లనూ మెట్లలాగా ఒకదానిమీద ఒకటి వెనక్కి జరిపి పెట్టి, రెండింటినీ ఒకేసారి చిత్రిక పట్టాడు. ప్లైలో పొరలుంటాయి కదా, చెక్కేకొద్దీ అవి చీర అంచు గీతల్లాగా బయటపడతాయి. ఒకటి లేతరంగు, ఒకటి ముదురు. గీతలు తిన్నగా, సమానంగా ఉన్నాయంటే ఏటవాలు సరిగ్గా ఉన్నట్టు. ఎక్కడ గీత వంకరపోయిందో అక్కడ ఎక్కువ చెక్కినట్టు. ఆయనకు మట్టబద్ద అక్కర్లేకపోయింది. గీతల్నే చూసుకుంటూ పోయాడు. ఆ సాయంత్రం మిద్దె మీదంతా ఉంగరాలు ఉంగరాలుగా పొట్టు.

తర్వాత కుట్టు. ఇది నా పని. అంచుల పొడుగునా నాలుగేసి అంగుళాలకు ఒక బెజ్జం, రెండు ముక్కల బెజ్జాల్లోనూ రాగి తీగ దూర్చి, బయట మెలిపెట్టి బిగించాలి. తీగ మా వీధి చివర మోటారు వైండింగ్ అన్న దగ్గర తెచ్చాను. "ఏం మోటారక్కా?" అంటే "పడవన్నా" అన్నాను, ఆయన డబ్బులు తీసుకోలేదు. రెండు పక్కల్నీ ముందు ముక్కు దగ్గర, వెనక తోక దగ్గర కుట్టి, పుస్తకం తెరిచినట్టు మధ్యలో తెరిచి అడ్డచట్టం నిలబెట్టాం. అప్పటిదాకా రెండు చెక్కలు. ఆ క్షణంలో పడవ. మా అత్త మెట్లెక్కి వచ్చి చూసి, ఏమీ అనకుండా కిందికి పోయి పసుపూ కుంకుమా తెచ్చి ముక్కుకు పెట్టింది.

నాయనకు ఫోనులో చూపించాను. చాలాసేపు చూశాడు. "మసూలా పడవను కుట్టినట్టే కుట్టినావు" అన్నాడు. అదేమిటని అడిగితే చెప్పాడు. ఒడ్డున అలలు విరిగే చోట మేకులు కొట్టిన పడవ దెబ్బకు విచ్చుకుపోతుందంట. అందుకని మన తీరంలో పలకల్ని కొబ్బరిపీచు తాడుతోనే కుట్టేవాళ్ళు, ఒక్క మేకు లేకుండా. అల కొడితే పడవ మొత్తం కాస్త ఒదిగి మళ్ళీ సర్దుకుంటుంది. మద్రాసుకు రేవు కట్టక ముందు ఓడల్లో దిగిన దొరలంతా ఒడ్డుకొచ్చింది అలాంటి పడవల్లోనే. "మొదట్లో పడవలు కుట్టిందే కదమ్మా. కొట్టడం తర్వాత వచ్చింది." 22 ఏళ్ళుగా నా పని మా నాయన పనికి ఆమడ దూరం అనుకుంటున్నా. ఆ రోజు రాత్రి నిద్ర పట్టలేదు.

ఇక నేను చేసిన తప్పు. పక్కదుంగ 11 అడుగులు. కుట్టడం అయిపోయాక మా ఆయన దాని రెండు కొసల మీదా రెండు బద్దలు అడ్డం పెట్టి, ఒంటికన్ను మూసి ఇటునుంచి చూశాడు. రెండు బద్దలూ ఒకే గీతలో కనబడాలి. ఒకటి బొటనవేలి మందం పైకి లేచి ఉంది. దుంగ మెలి తిరిగిపోయింది. నీళ్ళలో అది ఎప్పుడూ పడవను ఒక పక్కకు లాగుతూనే ఉంటుంది.

ఎందుకలా అయిందో నాకు తెలుసు. కొత్తగా మిషన్ నేర్చుకునే పిల్లలు చేసే తప్పే. మిషన్ పళ్ళు కింది గుడ్డను లాక్కుంటాయి, పై గుడ్డ కొంచెం వెనకబడుతుంది. మొదట్లో తెలియదు, చివరికొచ్చేసరికి పైది అరంగుళం మిగిలిపోతుంది. అందుకనే ముందే రెండు ముక్కలమీదా ఎదురెదురుగా గాట్లు పెట్టుకుని, గాటుకు గాటు కలుపుకుంటూ కుట్టమని చెప్తాను. ఎంతమంది పిల్లలకు చెప్పానో. నేను మాత్రం చెక్కే కదా, జారదులే అనుకుని గాట్లు పెట్టలేదు. నా కుడిచెయ్యి తీగను గట్టిగా మెలిపెడుతుంది, ఒక్కో కుట్టుకూ కొంచెం కొంచెం జరుగుతూ పోయింది. 66 కుట్లూ విప్పాను. అడుగుకొక గాటు పెట్టి మళ్ళీ మొదటి నుంచి కుట్టాను. రెండోసారి బద్దలు ఒకే గీతలో కలిశాయి.

కుట్లకు లోపలి నుంచి ఎపాక్సీ జిగురు పూయాలి. రెసిన్‌లో గట్టిపరిచే మందు కలిపి, అందులో సన్నటి రంపపు పొడి వేసి కలిపితే శనగపిండి ముద్దలాగా వస్తుంది. ఆ ముద్దను మూలల్లో గరిటె వెనక భాగంతో గుండ్రంగా దిద్ది, పైన మూడంగుళాల గాజు గుడ్డ పట్టీ పరిచి తడపాలి. ఆరాక తీగలు కత్తిరించేయొచ్చు. అసలు పడవను పట్టి ఉంచేది ఈ పూతే. రెసినూ గాజు గుడ్డా మావాడు మద్రాసు పోయి ప్యారీస్ కార్నర్‌లో తెచ్చాడు.

మే నెలలో మొదలుపెట్టడం తెలివితక్కువ పని. తిరుపతి ఎండ, రేకుల కింద. మా ఆయన అరలీటరు పైన ఒకేసారి మగ్గులో కలిపాడు, ఫెవికాల్ కలుపుకున్నట్టు. అయిదు నిమిషాలు కాలేదు, మగ్గు చెయ్యి పెట్టలేనంత వేడెక్కింది. తెల్లగా పొగ. ముద్ద పసుపుపచ్చగా నురుగెత్తి, ప్లాస్టిక్ మగ్గు మెత్తబడి పక్కకు వాలిపోయింది. ఇసుక బకెట్లో పడేసి అందరం కిందికి పరిగెత్తాం. ఎపాక్సీ గట్టిపడేటప్పుడు వేడి పుట్టిస్తుంది, ఆ వేడికి ఇంకా త్వరగా గట్టిపడుతుంది, దాంతో ఇంకా వేడి. లోతు గిన్నెలో ఉంటే వేడి బయటికి పోయే దారి లేదు. ఆ తర్వాత తెల్లవారుజామున నాలుగింటికి లేచి, ఒకసారికి నూటయాభై గ్రాములే కలిపి, వెంటనే పళ్ళెంలో పరిచేవాళ్ళం. పులిహోరకు అన్నం ఆరబెట్టినట్టు. పలచగా పరిస్తే వేడి పోతుంది, పనికి ముప్పావుగంట దొరుకుతుంది. చేతికి తొడుగులు మాత్రం మానొద్దు. మా ఆయనకు మణికట్టు మీద దద్దుర్లు రెండు నెలలు తగ్గలేదు.

అడ్డకర్రల దగ్గర మామా అల్లుళ్ళకు పంచాయితీ. అడ్డకర్రలు సర్వీ కట్టెలు, తొక్క తీసి నూనె పట్టించి పెట్టాం. వాటిని పడవకు స్టీలు బోల్టులతో బిగిద్దామని మా ఆయన. నాయన ఆ రోజు తిరుపతిలోనే ఉన్నాడు.

"తాడుతో కట్టల్ల అల్లుడా."

"తాడు వదులైపోతాది మామా. బోల్టు అట్టనే ఉంటాది."

"అట్టనే ఉంటాది. అదే దాని తప్పు. పడవ ఒక అల మీద ఉంటాది, దుంగ ఇంకో అల మీద ఉంటాది. రెండూ ఒకేసారి లేస్తాయా? మెలి పడతాది. ఆ మెలంతా బోల్టు బొక్క కాడికే వస్తాది. తాడైతే కొంచెం ఇస్తాది."

మా ఆయన ఒప్పుకోలేదు. మావాడు లేచి, 1976లో హవాయి నుంచి తహితి దాకా దిక్సూచి కూడా లేకుండా పోయిన హోకులెఅ పడవ సంగతి చెప్పాడు. రెండు పొట్టలున్న పడవ, వాటి అడ్డకర్రలు తాళ్ళతోనే కట్టారు. దాన్ని నడిపించిన మావు పియైలుగ్ మైక్రోనీసియాలో సతావల్ అనే చిన్న దీవివాడు. నక్షత్రాలూ అలలూ చూసి దారి పట్టాడు. నాయన ఆ పేరు రెండుసార్లు పలకబోయి వదిలేశాడు గానీ, "అలలు చూసి" అన్నమాటకు తల ఊపాడు. తాడే ఖాయమైంది.

కట్టింది నాయనే. మేం పక్కన కూర్చుని చూశాం. ముందు కర్రనూ పడవ అంచు కింది బద్దనూ కలిపి ఎనిమిది చుట్లు. పక్కపక్కనే, ఒకదానిమీదికి ఒకటి ఎక్కకుండా. ఒక్కో చుట్టుకూ కాలు పడవకు తన్ని వెనక్కి వాలేవాడు. తర్వాత అదే తాడును కర్రకూ బద్దకూ మధ్య సందులోంచి తీసి, ఆ ఎనిమిది చుట్లకూ నడుముకు మొలతాడు కట్టినట్టు అడ్డంగా నాలుగు చుట్లు లాగాడు. ఆ అడ్డచుట్లు పడేకొద్దీ ఎనిమిది తాళ్ళూ మధ్యలో దగ్గరికొచ్చి వీణ తీగల్లాగా బిగుసుకున్నాయి. వేలితో మీటి చూసుకున్నాడు. నాలుగు కట్లు కట్టేసరికి మధ్యాహ్నమైంది. మా ఆయన కర్రను పట్టుకుని బలమంతా పెట్టి ఊపాడు. కదలలేదు. ఆ రాత్రి భోజనాల దగ్గర నాయనకు రెండో చేపముక్క ఆయనే వడ్డించాడు.

తెరచాప నేనే కుట్టాను. గట్టి టార్పాలిన్, 70 చదరపు అడుగుల త్రికోణం, రెండు పక్కలకూ రెండు వెదురు బొంగులు. రెండూ ముందు కొసలో కలుస్తాయి, పీత డెక్క తెరిచినట్టుంటుంది. చాప బల్లపరుపుగా ఉంటే గాలి పట్టదు, పొట్ట ఉండాలి. అందుకని బొంగులకు కట్టే అంచుల్ని తిన్నగా కాకుండా నాలుగంగుళాలు బయటికి వంపు పెట్టి కత్తిరించాను. ఆ వంపు అంచును తిన్నటి బొంగుకు కట్టేస్తే, మిగిలిన గుడ్డ మధ్యలోకి పోయి పొట్ట అవుతుంది. మళ్ళీ అదే ప్రిన్సెస్ కట్.

మొత్తం 38 వేలైంది, మా కూలి వేసుకోకుండా. ఉత్త పడవ 46 కిలోలు, దుంగ 11. కర్రలు, చాప, బొంగులు అన్నీ కలిపితే 80 దాటింది. మిద్దె మీదనుంచి మెట్ల మలుపులో తిరగదని ముందే తెలుసు కాబట్టి, వీధిలో వాళ్ళు ఆరుగురు తాళ్ళు పట్టుకుని గోడ పక్కనుంచి దించారు. టాటా ఏస్‌లో పెడితే సగానికి పైగా బయటికే. వెనక కొసకు నా అంగట్లోని ఎర్ర లైనింగ్ గుడ్డ కట్టి, తెల్లవారకముందే బయలుదేరాం. 2024 ఫిబ్రవరి.

ఒడ్డున ఊరంతా ఉంది. నాయన ఎవరితోనూ మాట్లాడకుండా ఉత్త పడవ దగ్గరికొచ్చి, ముక్కు కింద ఒక చెయ్యి వేసి ఎత్తాడు. లేచింది. దించాడు. మళ్ళీ ఎత్తాడు. మళ్ళీ దించాడు. కర్రలూ దుంగా కట్టాక, మా తమ్ముడు పట్టబోతే చేత్తో ఆపి, అడుగున ఒక పీవీసీ పైపు ముక్క అడ్డం పెట్టి, వెనకనుంచి రొమ్ముతో తోశాడు. బురదమీద జారుకుంటూ పోయింది. ఒక్కడే. నీళ్ళదాకా ఒక్కడే.

మనిషి ఎక్కాక కూడా ఆరంగుళాలే మునిగింది. మొదట గాలి ఎడమనుంచి వచ్చింది, దుంగ నీళ్ళను గీరుకుంటూ తేలిగ్గా పోయింది. ముక్కు తిప్పి వెనక్కొచ్చేటప్పుడు దుంగ గాలికి అటుపక్క అయి, నీళ్ళలోకి నొక్కుకుపోయి దానిమీదినుంచి నురుగు పారింది. నాకు ఊపిరి ఆగింది. నాయన నిదానంగా కుడి అంచుమీదికి జరిగి కూర్చున్నాడు, దుంగ పైకొచ్చింది. ఎవరూ చెప్పలేదు ఆయనకు. రెండో దఫా మా ఆయన్ను ఎక్కించుకున్నాడు. లైఫ్ జాకెట్ వేసుకుని, అడ్డకర్రను రెండు చేతులా పట్టుకుని, దిగేసరికి మా ఆయన ముఖం నిండా ఉప్పునీళ్ళు. తాడు కట్టు వైపే చూస్తూ కూర్చున్నాడంట. "అది మూలుగుతాది, కదలదు" అన్నాడు నాతో.

నాయన ఇప్పుడు వారానికి నాలుగైదు రోజులు పోతున్నాడు. సాయంత్రం ఫోను చేసి ముందు గాలి సంగతి చెప్తాడు, తర్వాత రొయ్యల సంగతి, ఆ తర్వాత మా సంగతి అడుగుతాడు.

పోయిన వారం ఒక ఫిర్యాదు. తక్కువ గాలిలో చాప లాగడం లేదంట. "పొట్ట చాలదమ్మా" అన్నాడు. మావాడు ఫొటో తీసి పంపాడు. చూస్తే తెలిసింది. గాలి పట్టగానే వెదురు బొంగులు విల్లులాగా వంగుతున్నాయి. నేను పెట్టిన నాలుగంగుళాల వంపు మొత్తం ఆ వంగడానికే సరిపోతోంది, పొట్టకు గుడ్డ మిగలడం లేదు. ఒళ్ళు కదిలితే బ్లౌజు ఎంత లాక్కుంటుందో లెక్కేసుకునేదాన్ని, బొంగు కదలడం లెక్కేసుకోలేదు.

చాప నిన్న బస్సులో వచ్చింది, తమ్ముడి చేతికిచ్చి పంపాడు. ఉప్పు వాసన, మడతల్లో రెండు పీత కాళ్ళు. ఇప్పుడు మిషన్ మీద ఉంది. పై అంచు కుట్టు విప్పాను. రెండంగుళాలు వదులు పెట్టి పట్టీ అతకాలి. రెండు చాలునా, రెండున్నర కావాలా అని ఫోను చేస్తే, నాయన ఇంకా నీళ్ళమీదే ఉన్నాడంట, పాత చాపతో. వచ్చాక అడుగుతాను.